పెరట్లో పిట్టలు, పిట్టగోడ అవతల తోడికోడలు

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. పేరు, వీధి పేరు వేయొద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆవిడకు అరవై దాటాయి. టీచరుగా చేసి రిటైరయ్యారు. పాత పెంకుటిల్లు పడగొట్టి ఆవిడ భర్త, మరిది పక్కపక్కనే రెండు డాబాలు కట్టుకున్నారు. మేడల మధ్య పిట్టగోడ ఒక్కటే అడ్డం. ఒక్కడే కొడుకు, అమెరికాలో మినియాపొలిస్‌లో ఉద్యోగం. నిరుడు చలికాలం భార్యాభర్తలిద్దరూ అక్కడే గడిపారు. వాకిలి తీస్తే మోకాలి లోతు మంచు. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు స్కూలుకి వెళ్లిపోతే ఆవిడకు మిగిలిన కాలక్షేపం వంటింటి కిటికీ బయట వేలాడదీసిన గింజల గొట్టం. దాని మీద వాలే పిట్టల పేర్లు మనవడు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పేవాడట. "ఆ నాలుగు నెలలూ పగటిపూట నాకు తోడున్నవి అవే" అని రాశారు.

తిరిగి వచ్చాక కూడా అలవాటు పోలేదు. కొడుకు సూట్‌కేసులో పెట్టిచ్చిన గొట్టాన్ని జామచెట్టుకు కట్టారు, మేడ మీద రోజూ నూకలు చల్లడం మొదలుపెట్టారు. రాత్రి మిగిలిన సాంబారన్నం మేడ మీద వెయ్యడం భర్త గారి వంతు. మొదట్లో పిచ్చుకలు, గోరింకలు వచ్చేవి. వినాయక చవితి దాటేసరికి పావురాలు దిగాయి. ఇప్పుడు తెల్లారకముందే గోడ పొడవునా బారులు తీరి కూర్చుంటున్నాయి. పక్క మేడ మీద తోడికోడలు పెట్టుకున్న గుమ్మడి వడియాలు రెట్టలు పడి పారబోయాల్సి వచ్చింది. మరిది గారి కొత్త కారు మీదా అదే. పైగా ఆ ఇంట్లో ఆరేళ్ల మనవరాలికి ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడుతున్నారు. కార్తీకమాసంలో ఒకరోజు మాటా మాటా పెరిగింది. "నీ పుణ్యం నీకు, దాని పెంట మాకూనా అక్కా?" అంది తోడికోడలు. ఈవిడ కూడా ఏదో అన్నారు. అప్పుడు గోడ అవతల నుంచి ఆ మాట వచ్చింది: "పిల్లలు దగ్గర్లేక పిట్టల్ని సాకుతంది." అప్పట్నుంచి రెండిళ్లకీ మాటల్లేవు. ఏటా సంక్రాంతికి రెండిళ్ల వంటా కలిపి ఒకచోటే జరిగేది. ఈసారి ఎలాగో తెలియడం లేదు.

నమ్ముకున్న పిట్టలకు ఇప్పుడు తిండి ఆపేస్తే అవి చచ్చిపోవా, అది పాపం కాదా? తప్పు నాదేనా? పండగలోపు ఏం చెయ్యాలి? ఇవీ ఆవిడ ప్రశ్నలు. జామచెట్టు మీద ఒంటరిగా కూర్చునే ఒక పిట్ట పేరేమిటని కూడా అడిగారు. కొడుకు ఫోన్‌లో "అమ్మా, పిట్టల కోసం పిన్నితో గొడవా!" అన్నాడని, అది మరీ బాధగా ఉందని చివర్లో రాశారు.

అమ్మా,

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మీరు రేపటి నుంచి గింజ వెయ్యకపోయినా మీ పిట్టలు చావవు.

మినియాపొలిస్‌లో మీరు చూసింది అబద్ధం కాదు. అక్కడ డిసెంబరులో పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. రాత్రి సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి పోవడం అక్కడ మామూలు. మీ మనవడు నేర్పిన పేర్లలో చికడీ ఉండే ఉంటుంది, నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే బుల్లి పిట్ట. తూకం పది పన్నెండు గ్రాములు. అంత చిన్న ఒంట్లో వేడి నిలబెట్టుకోవాలంటే పగలు తిన్నదంతా కొవ్వు చేసుకుని రాత్రంతా దాన్ని కరిగించుకోవాలి. అదీ చాలదని రాత్రిపూట ఒంటి వేడిని దాదాపు 10 డిగ్రీలు తగ్గించుకుని నిద్రపోతుంది. మంచు పడి గింజా పురుగూ కప్పబడిపోయిన రోజున కిటికీ దగ్గర దొరికే పొద్దుతిరుగుడు గింజ, కొవ్వు ముద్ద దానికి నిజంగానే ప్రాణం. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈ పిట్టల మీదే ఒక పరిశోధన చేసి 1988లో ప్రచురించారు. గింజలు పెట్టినచోట చలికాలం దాటి బతికినవి 69 శాతం, పెట్టనిచోట 37 శాతం. తేడా చూడండి.

అయితే వాళ్లే తర్వాత ఇంకో పని చేశారు. పాతికేళ్లుగా గింజలు పెడుతున్న ఒకచోట అవన్నీ తీసేసి ఆ చలికాలం ఏమవుతుందో చూశారు. గింజలకు అలవాటుపడిన ఆ పిట్టలు, ఎప్పుడూ గింజలు ఎరగని పిట్టలు ఎంతగా బతుకుతాయో అంతగానూ బతికాయి. అది 1992లో వచ్చింది. అంటే గొట్టం దగ్గరకి రోజూ వచ్చే పిట్ట కూడా తన తిండి తాను వెతుక్కోవడం మర్చిపోదు. మంచు దేశంలోనే సంగతి ఇలా ఉంటే విజయనగరం మాట చెప్పక్కర్లేదు.

మన దగ్గర పుష్యమాసం పిట్టలకు కరువు కాలం కాదు. పంట చేతికొచ్చే కాలం. వరి కోతలు, కుప్పలు, నూర్పిళ్లు అయ్యాక మడుల్లో రాలిన ధాన్యం ఎంతుంటుందో మీకు తెలియనిది కాదు. ఆ మడుల్లోనే మినుమూ పెసరా మొలిచి ఉంటాయి, వాటి మీద పురుగు ఉంటుంది. పొద్దున్న దుప్పటి తియ్యబుద్ధి కాకపోవడమే మన చలి. పిట్టకు అది చలే కాదు. పగలు పదకొండు గంటలు ఉంటుంది. మన పిట్టలకు కష్టం వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, అదీ గింజ లేక కాదు, నీళ్లు లేక. ఎప్పుడు అవసరమో అప్పుడు పెట్టడం మంచి సేవ. మీరు మినియాపొలిస్ క్యాలెండరు విజయనగరంలో నడుపుతున్నారు, అంతే.

ఇక పాపం సంగతి. ధర్మశాస్త్రం భూతబలి అని పిడికెడు మెతుకులు పక్కన పెట్టమంది. మన ఇళ్లలో తద్దినం నాడు కాకికి ముద్ద పెడతారు. ధనుర్మాసంలో బియ్యప్పిండితో ముగ్గేస్తే చీమా పిచ్చుకా తింటాయని మన పెద్దవాళ్లు చెప్పేవారు. ఇవన్నీ చిన్న కొలతలు. పిడికెడు, ముద్ద, చిటికెడు. రోజుకు రెండు కిలోల నూకలు పొయ్యమని ఎక్కడా లేదు. (మీరు రెండు కిలోలని రాయలేదు గానీ, నూకల బస్తా నెల తిరక్కుండా అయిపోతోందన్నారు. లెక్క నేనే కట్టాను.) కాబట్టి తగ్గిస్తే పాపం రాదు. కాకికి పెట్టే ముద్ద మాత్రం మానమనను.

ఇప్పుడు తప్పెవరిది అన్న మాట. దీన్ని రెండు ముక్కలు చెయ్యాలి. పావురాల విషయంలో మీ తోడికోడలు చెప్పింది సబబు. ఆ ఒక్క మాట విషయంలో ఆవిడ చేసింది అన్యాయం. మీరు ఈ రెంటినీ కలిపేసి చూస్తున్నారు. ఆ మాట బాధ పెట్టింది కాబట్టి పావురాల సంగతి కూడా ఒప్పుకోబుద్ధి కావడం లేదు. అక్కడ ఆవిడ పరిస్థితీ ఇంతే అయ్యుంటుంది, పావురాల మీద కోపంతో అనకూడని మాట అనేసి ఉంటుంది.

పావురాల సంగతి ముందు చూద్దాం. మీరు పిచ్చుకల కోసం నూకలు వేశారు, పావురాలు ఎందుకు పెరిగాయి? పావురం నిజానికి కొండ చరియల మీద గూడు పెట్టుకునే పక్షి. దాని కళ్లకు మన డాబాలు, సన్‌షేడ్లు, ఏసీ పెట్టెలు అన్నీ కొండ అంచులే. దాని పిల్లలకు పురుగులక్కర్లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు సంచిలో పాలలాంటి పదార్థం తయారుచేసి పిల్లలకు పట్టిస్తాయి. అది తయారవ్వడానికి వాటికి గింజలు చాలు. అందుకని గింజ ఎంత దొరికితే అన్ని ఈతలు, ఏడాది పొడుగునా. పిచ్చుక అలా కాదు. పెద్ద పిచ్చుక గింజ తింటుంది గానీ గూట్లో పిల్లకు మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే కావాలి. పెరట్లో మొక్కలు, వాటి మీద పురుగులు లేకపోతే నూకలు గంపలతో పోసినా పిచ్చుకలు పెరగవు. మీరు పోసిన గింజంతా పావురం పిల్లలయింది. దీనికి తోడు పిచ్చుక గూడు పెట్టేది పెంకుటింటి చూర్లలో, వాసాల సందుల్లో. మీ పాత పెంకుటింటిని మీ వారూ మరిది గారూ కలిసే పడగొట్టారు. కోపగించుకోకండి, ఊరంతా చేసిన పనే. సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు పోయాయని అందరూ అంటారు, దానికి గట్టి రుజువు దొరకలేదు. చూరు పోవడం, పెరడు పోవడం మాత్రం కళ్లెదుట కనిపిస్తూనే ఉంది.

ఆ పాప ఆయాసం గురించి కాస్త జాగ్రత్తగా చెబుతాను. ఎండిన పావురం రెట్ట పొడి, రెక్కల నుంచి రాలే ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాచే జబ్బు వస్తుంది. ముదిరితే గట్టిపడిపోతాయి కూడా. ముంబైలో 2025లో కబూతర్‌ఖానాలు, అంటే జనం పావురాలకు గింజలు వేసే చోట్లు, మూయించడానికి, ఆ గొడవ హైకోర్టు దాకా వెళ్లడానికి కారణం ఇదే. ఆస్తమా వేరే జబ్బు, కానీ ఏ ధూళి అయినా దాన్ని రేపుతుంది. ఈ కాలంలో ఆ పాపకు దగ్గు రావడానికి పొగమంచు ఉంది, నూర్పిడి దుమ్ము ఉంది, రేపు భోగి మంటల పొగ ఉంటుంది. పావురాలే కారణమని మనం తేల్చి చెప్పలేం. కానీ ఈ వాదన మీరు గోడ దగ్గర ఎత్తకండి. ఊపిరి అందని పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు "మా పావురాల వల్లే అని రుజువేంటి" అన్న ప్రశ్నకు మంచి జవాబు ఏ ఇంట్లోనూ ఉండదు. ఉన్న నాలుగు కారణాల్లో మీ చేతిలో ఉన్నది ఒక్కటే, అదే తగ్గించండి. ఈలోపు మేడ కడిగేటప్పుడు ఎండు రెట్టల్ని చీపురుతో ఊడవొద్దు. ముందు నీళ్లు పోసి నానబెట్టి, మూతికి మాస్కు కట్టుకుని కడగండి. ఇది మీ ఇద్దరి ఆరోగ్యానికి కూడా.

"తేలినీలాపురంలో పక్షుల్ని ఊరంతా చూసుకుంటారు, మా వాళ్లు రెండు పావురాల్ని భరించలేరా" అని ఒకచోట రాశారు. టెక్కలి దగ్గర ఆ ఊరికి ఏటా చలికాలం గూడబాతులు, రంగు కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. ఇళ్ల మధ్యలోనే. వాసన, రెట్టలు, పిల్లల అరుపులు అన్నీ భరిస్తారు, నిజమే. వాటిని పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటామని ఆ ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు కూడా. (అవి సైబీరియా పక్షులని మన జిల్లాల్లో అందరూ అనేస్తుంటారు. కాదు. మన దేశపు పక్షులే, ఆ ఊరికి పిల్లల్ని కనడానికి వస్తాయి.) కానీ అక్కడికీ మీ ఇంటికీ తేడా ఒకటుంది. ఆ పక్షుల్ని భరించడం ఊరంతా ఒప్పుకున్న సంగతి. ఎవరూ వాటికి గింజ వేసి పిలవలేదు, వాటి తిండి అవే చెరువుల్లో, తంపరల్లో తెచ్చుకుంటాయి. మీ మేడ మీద పావురాల్ని పిలిచింది మీరు. భరించడానికి పక్కవాళ్లు ఒప్పుకోలేదు, అసలు వాళ్లను ఎవరూ అడగలేదు.

మరి ఆ మాట? పిల్లలు దగ్గర్లేక పిట్టల్ని సాకుతోందన్నది. అందులో కొంత నిజం ఉంది కాబట్టే అది అంత లోపలికి దిగింది. మీ ఉత్తరంలో పావురాల గురించి రాసింది ఒక పేజీ. మనవడు పిట్టల పేర్లు నేర్పిన సాయంత్రాల గురించి రాసింది రెండు పేజీలు. మీకు పొద్దున్నే ఎవరో ఒకరు మీ కోసం ఎదురుచూడాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పిట్టలకు మీరు అక్కర్లేదు, మీకు పిట్టలు కావాలి. ఇది ఒప్పుకుంటే మీకు చాలా వెసులుబాటు వస్తుంది. ప్రాణాలు నిలబెట్టే పని అయితే రాజీ పడలేరు. ఇష్టం కోసం చేసే పని అయితే ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్నది మార్చుకోవచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. ఏది పట్టుకోవాలో మీ ఇష్టం.

పూర్తిగా ఆపెయ్యడం ఒకటి. గొట్టం తీసేస్తారు, నూకలు చల్లరు. పావురాలు మొదటి కొన్నాళ్లు అలవాటు కొద్దీ వచ్చి గోడ మీద కూర్చుంటాయి, దొరక్కపోతే వేరేచోటికి పోతాయి. పక్కింటికి తెరిపి. కానీ మీ సంగతి నాకు అనుమానం. కోపంతో ఆపేస్తే ప్రతి పొద్దున్నా ఖాళీ మేడ చూసి "నీ వల్లే" అనుకుంటారు. వడియాలు బాగా ఎండుతాయి, మాటలు మాత్రం మొదలుకావు. ఆపితే మనసు కుదిరాకే ఆపండి.

రెండోది, గింజ ఉంచి పావురాన్ని తప్పించడం. ఇది పని ఎక్కువ పెట్టే దారి, కానీ మీకు ఓపిక ఉన్నట్టే ఉంది. మేడ మీద చల్లడం మాత్రం మొత్తం మానాలి, ఇందులో సగం సగం కుదరదు. నేల మీద పరిచిన గింజ పావురానికే ముందు దక్కుతుంది. దానికి బదులు వరి కంకుల కుచ్చు కట్టండి. ఇప్పుడు కోతల కాలం, మీ ఊరి పక్క పల్లెల్లో ఎవరినడిగినా పిడికెడు కంకులిస్తారు. పూర్వం గుళ్లలో, ఇళ్ల వసారాల్లో వీటిని పిచ్చుకల కోసమే వేలాడదీసేవారు. వేలాడే కంకిని పట్టుకుని తలకిందులుగా తినడం పిచ్చుకకు, మునియా అనే బుల్లి గింజల పిట్టకు తేలిక. పావురం ఒళ్లు దానికి సహకరించదు. పెరట్లో, పక్కింటి గోడకు దూరంగా, వరండా కప్పు కింద కట్టండి. కింద రాలిన గింజలు సాయంత్రానికి ఊడ్చెయ్యండి, లేకపోతే పావురాలు కిందకి దిగుతాయి, ఆ వెనక ఎలుకలు.

మీ కొడుకిచ్చిన గొట్టం గురించి ఒక మాట. దాంట్లో పొద్దుతిరుగుడు గింజలు పోస్తున్నారన్నారు. మన ఊళ్లో అది ఉడతలకూ చిలుకలకూ పండగ, పిచ్చుకకు అంతకంటే చిన్న గింజలే ఇష్టం. చిలుకలొస్తే వీధి పిల్లలు పట్టుకుని పంజరంలో పెట్టడానికి చూస్తారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమని కూడా వాళ్లకు తెలియదు. ఉంచాలనుకుంటే వారానికోసారి వేడినీళ్లతో కడిగి బాగా ఎండనివ్వండి. 2020-21 చలికాలంలో అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఇలాంటి గొట్టాల దగ్గర పిట్టలకు సాల్మొనెల్లా అనే క్రిమి అంటుకుని కుప్పలుగా చనిపోతే, కొన్నాళ్లు గొట్టాలు తీసెయ్యమని అక్కడి అధికారులే చెప్పాల్సి వచ్చింది. ఇంక సాంబారన్నం. మీ వారికి నా మాటగా చెప్పండి, ఉప్పు, నూనె, పులుపు పిట్టలకు మంచివి కావు, ఎండలో ఆ అన్నం పాచిపోతుంది. దానికి వచ్చేవి కాకులు, కుక్కలు.

ఈ దారికొచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. మీ దగ్గర పిచ్చుకలు నాలుగో ఐదో ఉన్నట్టున్నాయి. కంకి కట్టినా కొన్ని రోజులు ఏదీ రాకపోవచ్చు. పావురాలు వెంటనే పోవు. ఈ మధ్యకాలంలో పక్కింటివాళ్లకు "ఏదీ మానలేదు, తీరు మార్చింది అంతే" అనిపిస్తుంది. ముందే చెప్పి చెయ్యాలి.

మూడోది, నన్నడిగితే నేను మొగ్గేది దీనికే: గింజ మానేసి నీళ్లు, మొక్కలు. మట్టి మూకుడులో రెండంగుళాల లోతు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టి నీడలో ఉంచండి. రోజూ పారబోసి కొత్తవి పొయ్యండి, దోమలు పెట్టకుండా. ఇప్పుడు మొదలుపెడితే ఎండలు వచ్చేసరికి పిట్టలకు చోటు అలవాటవుతుంది. జామ ఎలాగూ ఉంది. కరివేపాకు చెట్టును నరికెయ్యకుండా పెరగనిస్తే దాని నల్ల పళ్లకు పిగిలిపిట్టలు, కోకిలలు వస్తాయి. మందారకు తేనెపిట్టలు. మొక్కల మీద పురుగు కనిపించగానే మందు కొట్టకుండా ఉంటే పిచ్చుకకూ ఏదో దొరుకుతుంది. చూరు లేని లోటుకి ఒక చెక్క పెట్టె చేయించి, 32 మిల్లీమీటర్ల కన్నం పెట్టించి, ఎండ తగలని గోడకు ఎత్తుగా కొట్టించండి. ఆ కన్నంలో పిచ్చుక దూరుతుంది, గోరింకా పావురమూ దూరవు. వచ్చి తీరుతుందని హామీ ఇవ్వలేను. ఈ దారిలో గుంపులుండవు. ఒకటీ రెండూ వస్తాయి, అవీ మీ చుట్టూ మూగవు. మినియాపొలిస్ కిటికీలాంటి సందడి కావాలనుకుంటే నిరాశ పడతారు.

కానీ చూడటం నేర్చుకున్నవాళ్లకు గింజతో పనిలేదు. మీరు అడిగిన ఆ పిట్టే చూడండి. గోధుమ రంగు వీపు, కంటి మీదుగా దొంగ ముసుగులా నల్ల పట్టీ, జామచెట్టు చిటారు కొమ్మ మీద ఒంటరిగా కూర్చుని గరగరమని అరుస్తుందన్నారు. మీరు రాసిన గుర్తుల్ని బట్టి అది బ్రౌన్ ష్రైక్. సైబీరియా పక్షి అంటే అది, నిజంగా ఉత్తరాసియా నుంచి చలికి పారిపోయి మన పెరళ్లకు వస్తుంది. మిడతలు, పురుగులు తింటుంది. మీ నూకల వైపు అది తల కూడా తిప్పి ఉండదు. తోక ఆడిస్తూ మేడ మీద నడిచే వాగ్‌టెయిల్‌లలో చాలా రకాలు కూడా ఇలాగే చలికాలపు చుట్టాలే, అవీ పురుగుల కోసమే వస్తాయి. మంచు దేశంలో పిట్టను చూడాలంటే గింజ పెట్టాలి. ఇక్కడ కుర్చీ వేసుకుంటే చాలు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి మన దేశంలోనూ చేస్తున్నారు. పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని కనిపించిన పిట్టల్ని లెక్కపెట్టి ఈబర్డ్ అనే యాప్‌లో ఎక్కించాలి. ఉచితమే. అక్కడ మీ మనవడు, ఇక్కడ మీరు. మీకు పొద్దున్న ఏడయితే వాడికి ముందురోజు రాత్రి ఏడున్నర. వాడు పగలు చూసినవి చెబుతాడు, మీరు అప్పుడే చూస్తున్నవి చెబుతారు. ఇంతకు ముందు వాడు పేర్లు నేర్పాడు కదా, తేనెపిట్ట, జెముడుకాకి, ఏట్రింత మీరు నేర్పొచ్చు. నూకల బస్తా చెయ్యలేని పని ఇది.

కొందరు నాలుగో దారి చెబుతారు, నూకలు తీసుకెళ్లి పెద్దచెరువు గట్టు మీదో గుడి ఆవరణలోనో చల్లమని. నేను చెప్పను. మీ పక్కింటి బాధను ఇంకొకరి పక్కింటికి మార్చడం అది.

ఇక తోడికోడలితో మాట. పండగ రోజు చుట్టాల మధ్య ఎత్తకండి, భోగికి వారం ముందే వెళ్లండి. పావురాల ముక్క ఒక్కటే మాట్లాడండి: "మేడ మీద నూకలు ఆపేశాను, కొన్నాళ్లు వస్తాయి, తర్వాత పోతాయి. ఈలోపు రోజూ నీళ్లు పోసి కడిగిస్తాను. వడియాలు మా వరండాలో పెట్టుకో, నేను చూసుకుంటా." క్షమాపణ అన్న మాట వాడక్కర్లేదు, ఇందులో అది ఉంది. ఆవిడన్న మాట గురించి అప్పుడే అడగకండి. పావురాలకు బదులుగా ఆవిడ చేత క్షమాపణ చెప్పించుకున్నట్టు అవుతుంది, అలా వచ్చింది నిలవదు. అసలెప్పుడూ అడగొద్దని కూడా అనను. మింగేద్దామన్నా మీరు మింగగలిగే మనిషిలా లేరు. పండగ అయ్యాక, ఇద్దరే ఉన్నప్పుడు, "ఆ మాట నాకు చాలా కష్టంగా ఉంది" అని ఒక్క వాక్యంలో చెప్పండి. ఆవిడ సర్దుకుంటే మంచిది. సర్దుకోకపోయినా మీరు చెప్పాల్సింది చెప్పేసి ఉంటారు.

ఆవిడ మొహం తిప్పేసుకుంటే? అదీ జరగొచ్చు. అప్పుడు మీ వారూ మరిది గారూ మాట్లాడుకోనివ్వండి, అన్నదమ్ములు నేరుగా మాట్లాడుకున్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ సంక్రాంతికి రెండు పొయ్యిలయితే రెండు పొయ్యిలే అవుతాయి. పావురాలు వెళ్లాక, వచ్చే ఏడాది వడియాల రోజులకి మళ్లీ చూసుకోవచ్చు.

మీ అబ్బాయికి మాత్రం ఈ సంగతంతా ఫోన్‌లో వివరించకండి. "పిట్టల కోసం పిన్నితో గొడవా" అన్నవాడికి ఎంత చెప్పినా అర్థం కాదు. ఈబర్డ్ యాప్ ఫోన్‌లో ఎలా ఎక్కించుకోవాలో మనవడిని అడగండి.